26 రోజుల పని, 10 రోజుల పీఎఫ్

జీడిమెట్లలో ఆటో విడిభాగాలు చేసే ఒక కంపెనీలో కొన్నేళ్లు టైమ్ ఆఫీస్‌లో పనిచేశాను. టైమ్ ఆఫీస్ అంటే గేటు పక్కన ఉండే గది. ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరు సెలవు, ఎవరికి ఓటీ (ఓవర్‌టైమ్), కాంట్రాక్టర్ మనుషులు ఈ షిఫ్టులో ఎంతమంది, అన్నీ మా మస్టర్‌లోనే, అంటే హాజరు పుస్తకంలోనే, ఉంటాయి. ఫ్యాక్టరీలో ఎవరి బండారమైనా ముందు తెలిసేది టైమ్ ఆఫీస్ వాళ్లకే. అందరికంటే గుట్టుగా ఉండేదీ మేమే. కంపెనీ పేరు రాయను. షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ అని మాత్రం చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దాని మీదే నడిచింది. ఇది కోవిడ్‌కు ముందు సంవత్సరం మాట.

మా క్యాంటీన్‌లో చేతులు కడుక్కునే కుళాయిల పైన విజిల్ బ్లోయర్ పాలసీ అని, అంటే లోపల జరిగే తప్పుల మీద ఫిర్యాదు చేసే పద్ధతి గురించి, ఒక పోస్టర్ ఉండేది. మొత్తం ఇంగ్లీషే. 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ ప్రకారం లిస్టయిన ప్రతి కంపెనీలో ఇలాంటి ఏర్పాటు ఉండి తీరాలి. ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష సాధించకుండా రక్షణ ఉండాలి, అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ (బోర్డులో లెక్కలు చూసే కమిటీ) ఛైర్మన్‌కే చెప్పుకునే దారి ఉండాలి. హైదరాబాద్ వాళ్లకి దీని అవసరం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చిన రోజు మా బస్సులో పేపర్ చేతులు మారిన తీరు నాకింకా గుర్తుంది. అంత పెద్ద కంపెనీలో అన్నేళ్లు లెక్కలు మారుస్తుంటే ఏ ఒక్కరికీ తెలియదా అని అప్పుడు అందరం అడిగాం. టైమ్ ఆఫీస్‌లో చేరాక ఆ ప్రశ్నకి జవాబు దొరికింది. తెలుస్తుంది. చెప్పరు, అంతే.

మా దగ్గర చెప్పకపోవడానికి ఒక ఊతపదం కూడా ఉండేది: "స్క్రాప్ ఆయన సంగతి చూశాంగా." నేను చేరిన కొత్తలో క్వాలిటీలో ఒకాయన ఉండేవారు. స్క్రాప్ లారీ కాటా దగ్గర బరువు తక్కువ రాస్తున్నారని అప్పటి ప్లాంట్ హెడ్‌కి చెప్పారు. విచారణ జరిగిందో లేదో ఎవరికీ తెలియదు. నెల తిరక్కుండానే ఆయన్ని హిమాచల్‌లోని యూనిట్‌కి బదిలీ చేశారు. ఆ ఆర్డర్ మీద ముట్టినట్టు సంతకం తీసుకున్నది నేనే. పిల్లలు తొమ్మిదీ పదీ చదువుతున్నారు మేడమ్, అని ఒక్క మాటన్నారు. తర్వాత రాజీనామా చేశారు. ఆయన చెప్పింది నిజమా కాదా అన్నది పక్కన పెట్టండి. అడిగే మనిషిని ఏం చేస్తారో ప్లాంటంతా చూసింది. గోడ మీద పోస్టర్ అప్పుడూ ఉంది.

ఇక నా విషయానికొస్తాను. కాంట్రాక్టర్ కింద పనిచేసే హెల్పర్ ఒకతను, శ్రీకాకుళం వైపు కుర్రాడు, ఒకరోజు సెకండ్ షిఫ్ట్ మొదలయ్యే ముందు కిటికీ దగ్గరికొచ్చాడు. తండ్రికి ఆపరేషన్ ఉంది, పీఎఫ్ అడ్వాన్స్ పెట్టుకోవాలని నెట్ సెంటర్‌కి వెళ్లాడట. అక్కడ తెలిసిందేమిటంటే, అతని యూఏఎన్‌కి, అంటే పీఎఫ్ నంబరుకి, ఎక్కించి ఉన్న ఫోన్ నంబర్ అతనిది కాదు. ఆధార్‌తో నంబర్ మార్పించుకుని, ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తీశాడు. "అమ్మా, స్లిప్పులో ఒకటుంది, ఫోన్లో ఇంకోటుంది. నాకు చదవడం రాలేదేమో చూడండి" అన్నాడు.

చదవడం అతనికి బాగానే వచ్చు. జీతం స్లిప్పులో 26 రోజులు, 12,000 రూపాయలు, పీఎఫ్ కోత 1,440. అదే నెలకి పాస్‌బుక్‌లో అతని వాటా 554, యజమాని వాటాలో పీఎఫ్‌కి 170, పెన్షన్‌కి 384. నేను లెక్క వెనక్కి కట్టి చూశాను. 554 అంటే 4,615 రూపాయల మీద 12 శాతం. 4,615 అంటే 10 రోజుల జీతం. పీఎఫ్ ఆఫీసుకి ప్రతి నెలా 15వ తేదీలోగా కాంట్రాక్టర్ ఎక్కించే ఈసీఆర్ ఫైల్లో ఎన్‌సీపీ డేస్ అని ఒక గడి ఉంటుంది. జీతం లేని రోజులు ఎన్నో అందులో వేస్తారు. అంటే ఆ గడిలో ఇతనికి 16 వేసుంటారు. నా మస్టర్‌లో ఇతను ఆ నెల ఒక్క పూట కూడా మానలేదు.

దీన్ని కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతి ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తుంటుంది. కుర్రాడి జీతంలోంచి కోసింది 1,440, కట్టింది 554. మిగిలిన 886 కాంట్రాక్టర్ జేబులోకి పోయింది. అక్కడితో అయిపోలేదు. యజమాని వాటా ఇంకో 1,440 కూడా కాంట్రాక్టర్ మా కంపెనీ దగ్గర బిల్లు పెట్టి తీసుకుంటాడు. అందులోనూ 886 మిగుల్చుకున్నాడు. మనిషికి నెలకి 1,772. వందకు పైగా మనుషులు. బిల్లుతో పాటు పీఎఫ్ చలాన్ జతచేయాలి కదా, చూసేవాళ్లకి తెలియదా అంటారేమో. ఆ కాంట్రాక్టర్‌కి మాలాంటి కంపెనీలు ఇంకా ఉన్నాయి, అందరికీ కలిపి ఒకటే పీఎఫ్ కోడ్, ఒకటే చలాన్. పైపేజీలో మొత్తం లక్షల్లో కనిపిస్తుంది. లోపల పేర్ల వారీ పేజీలు జతచేసేవాడు కాదు. ఆ పేజీలు అడిగి, నా మస్టర్‌తో సరిపోల్చి, "సరిచూశాను" అని సంతకం పెట్టాల్సింది మా హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్. ప్రతి నెలా పెట్టాడు.

కుర్రాడిని నువ్వే ఫిర్యాదు పెట్టు అనొచ్చు. పీఎఫ్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టుకునే వీలుంది. అదే చెప్పాను. "పెడితే రేపు గేట్ పాస్ ఉంటదా అమ్మా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. గేట్ పాస్ ఆపమని కాంట్రాక్టర్ ఫోన్ చేస్తే ఆపేది నా గదిలోనే. ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో పోస్టర్ మొదటిసారి పూర్తిగా చదివాను. ఈ పాలసీ డైరెక్టర్లకి, ఉద్యోగులకి అని ఉంది. చట్టంలో ఉన్న మాటా అదే. కాంట్రాక్ట్ కార్మికుడు కంపెనీ ఉద్యోగి కాదు. అన్యాయం జరిగినవాడికి ఆ పోస్టర్ వర్తించదు, జరగని నాకు వర్తిస్తుంది! కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట: పదేపదే పసలేని ఫిర్యాదులు చేస్తే చర్య తీసుకోవచ్చు. అది కూడా నిబంధనల్లో ఉన్నదే. అయినా భయపడేవాడికి ముందు కనపడేది అదే కదా.

ఇంట్లో చెప్తే మా ఆయన అన్నది, "నీ పీఎఫ్ సక్రమంగా పడుతోందిగా, నీకెందుకు ఈ తలనొప్పి?" ఆయన్ని తప్పుపట్టను. పాత ప్లాంట్ హెడ్ ఉండి ఉంటే నేనూ ఊరుకునేదాన్ని. ఈ మాట చాలామందికి నచ్చదు. ధైర్యం అనేది మనిషిలో ఉంటుంది గానీ బాస్‌ని బట్టి ఉంటుందా అంటారు. నా విషయంలో మాత్రం బాస్‌ని బట్టే ఉంది.

కొత్త ప్లాంట్ హెడ్ వచ్చి అప్పటికి ఏడాది దాటింది. మహా మంచివాడేం కాదు, కోపిష్టి. నవ్వడం నేను పెద్దగా చూడలేదు. కానీ వచ్చిన కొత్తలో ఓటీ లిస్టు నా కిటికీ అద్దానికి అంటించమన్నాడు. అంతకుముందు ఓటీ అంటే సూపర్‌వైజర్‌కి టీ తెచ్చిచ్చేవాళ్లకే. ఇప్పుడు ఎవరి వంతు ఎప్పుడో అందరికీ కనిపిస్తుంది. వంతు తప్పితే జనం నన్ను నిలదీస్తారు, నేను సూపర్‌వైజర్‌ని అడుగుతాను. ఇంకోసారి, ప్రెస్ షాపులో ఒక ఆపరేటర్ నిద్రపోయి డై పగలగొట్టాడని సస్పెండ్ చేశారు. అతను తోటి ఆపరేటర్‌ని వెంటబెట్టుకుని వెళ్లి, మెషీన్ సెన్సర్ బైపాస్ చేసి ఉందని చెప్పాడు. ప్లాంట్ హెడ్ మెయింటెనెన్స్ రిజిస్టర్ తెప్పించి చూశాడు. నిజమే. సస్పెన్షన్ రద్దు చేసి, నన్ను పిలిచి మస్టర్ తెమ్మన్నాడు. ఆ రోజుల గడుల్లో నేను వేసిన "ఎస్" అక్షరాలు ఒక్కొక్కటీ ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన హాజరుకి "పి" వేసి, ప్రతి గడి దగ్గరా పొట్టి సంతకం పెట్టాడు. నోటీస్ బోర్డులో "నా నిర్ణయం పొరపాటు, జీతం చెల్లించబడును" అని తెలుగులో పెట్టించాడు. ఆ ఎర్ర ఇంకు గడులు తర్వాత ఆడిట్‌లో నన్ను ఇబ్బంది పెట్టాయి, అది వేరే గొడవ. కానీ ఈయన చెప్పేది వింటాడు, కాగితం చూస్తాడు, తన మాట తానే వెనక్కి తీసుకోగలడు అని ఆ రోజు తెలిసింది. కంపెనీలు తయారుచేయించే పాలసీ పోస్టర్లన్నీ ఒక ఎత్తు, నాకు ఆ ఎర్ర ఇంకు ఒక ఎత్తు.

మా మామగారి స్నేహితుడు ఒకాయన చింతల్‌లో ఉంటారు. హెచ్‌ఎంటీలో చేసి, యూనియన్‌లో తిరిగి రిటైరయ్యారు. బాబాయిగారూ ఏం చేయమంటారు అని వెళ్లాను. పేరు లేకుండా రాద్దామనుకుంటున్నాను అంటే, ముందు సత్యేంద్ర దూబే సంగతి చెప్పారు. స్వర్ణ చతుర్భుజి రోడ్ల పనుల్లో అవినీతి గురించి ప్రధానమంత్రి కార్యాలయానికే రాసిన ఇంజినీరు. నా పేరు గోప్యంగా ఉంచండి అని అడిగినా ఆ ఉత్తరం ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబర్ 27న గయలో కాల్చి చంపారు. ఆ తర్వాతే 2004లో కేంద్రం ఒక తీర్మానం తెచ్చింది, కేంద్ర ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల అవినీతి మీద విజిలెన్స్ కమిషన్‌కి రాసేవాళ్ల పేరు బయటపెట్టకూడదని. 2014లో చట్టం కూడా చేశారు, అమల్లోకి మాత్రం తేలేదు. తెచ్చినా అది ప్రభుత్వ ఉద్యోగుల తప్పుల గురించే, మనలాంటి ప్రైవేటువాళ్లకి అందులో చోటు లేదు. "భయపెట్టడానికి చెప్పట్లేదమ్మాయ్. పేరు దాచుతామన్న మాట నమ్ముకుని దిగకు. పేరు తెలిసిపోతుందనుకునే దిగు" అన్నారు.

నిజమే. మస్టరూ కాంట్రాక్టర్ బిల్లూ రెండూ చూడగలిగేవాళ్లు ప్లాంటులో ముగ్గురమే. పేరు లేకుండా రాసినా ముగ్గురిలో ఎవరో తేల్చడానికి ఎంతసేపు పడుతుంది? పేరు పెట్టే రాయాలని అక్కడే తేలిపోయింది.

ఉత్తరం ఎలా రాయాలో ఆయన చెప్పింది ఇప్పటికీ పాటిస్తాను. నా చిత్తులో "కుమ్మక్కై దోచుకుంటున్నారు" అని ఉంది. ఆ లైను కొట్టేశారు. "దొంగ అని నువ్వు రాయకు. ఇక్కడ 26 ఉంది, అక్కడ 10 ఉంది అని రాయి. దొంగ అనే మాట చదివినవాళ్ల నోట్లోంచి రావాలి" అన్నారు. కంపెనీ కాగితాలు ఇంటికి తేవద్దన్నారు, ఫోన్లో ఫొటోలు కూడా వద్దన్నారు. రేపు అసలు విషయం వదిలేసి, కాగితాలు బయటికి తీసుకెళ్లిందని నీ మీదే కేసు పెడతారు. ఏ నెల బిల్లు, ఏ ఫైలు, ఏ బీరువాలో ఉంది, ఏ పేర్లు సరిపోల్చాలి అన్నది రాస్తే చాలు, తెప్పించుకోవడం వాళ్ల పని. కుర్రాడి పాస్‌బుక్ మాత్రం అతనిది, అతను ఒప్పుకుంటే జతచేయొచ్చు. ఒప్పుకున్నాడు. అతనితో పాటు ఇంకొందరు కూడా పాస్‌బుక్‌లు తీసి ఇచ్చారు. అందరివీ అదే తీరు, కొందరికి 8 రోజులు, కొందరికి 12.

ప్లాంట్ హెడ్‌కి చెప్పాలా, ఆడిట్ కమిటీకి రాయాలా అని మళ్లీ ఊగిసలాట. చివరికి పోస్టర్ మీదున్న ఈమెయిల్‌కే రాశాను. ఆయన మీద నమ్మకం లేక కాదు, ఆయన కింద పనిచేసే హెచ్‌ఆర్ మనిషి గురించి ఆయనకే చెబితే రేపు ఇద్దరికీ ఇబ్బంది. ఇంగ్లీషులో రాయడానికి తడబడుతుంటే మా అమ్మాయి సరిదిద్దింది. ముట్టినట్టు రెండు లైన్ల జవాబు వచ్చింది. తర్వాత చాలా రోజులు ఏమీ లేదు. టెన్షన్ అంటే ఏమిటో ఆ రోజుల్లో తెలిసింది. ఫోన్ మోగితే చాలు గుండె దడ. హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్ రోజూలాగే వచ్చి గుడ్ మార్నింగ్ మేడమ్ అంటుంటే, ఇతనికి తెలిసిందా లేదా అని ముఖం చూడటమే పని.

తర్వాత ట్రైనింగ్ ఉందని హెడ్ ఆఫీసుకి పిలిచారు. వెళ్తే ఇద్దరున్నారు, కంపెనీ ఇంటర్నల్ ఆడిట్ నుంచి ఒకావిడ, బయటి సీఏ ఒకాయన. కూర్చోగానే ఆవిడ ముందు చెప్పింది: మీ ఉత్తరం ఇప్పటిదాకా ఎవరెవరు చూశారు, ఇకపై ఎవరు చూస్తారు, మేము ఏం అడుగుతాం, ఏం చెప్పలేం. మేం ఏ నెలల బిల్లులు అడిగామో తెలిస్తే మీ పేరు ఊహించే అవకాశం ఉంది, అది ఆపలేం అని కూడా చెప్పింది. ఆ ఒక్క నిజం చెప్పడం వల్ల మిగతావన్నీ నమ్మాలనిపించింది. "ఆ హెచ్‌ఆర్ అతనితో మీకు పాత గొడవలేమైనా ఉన్నాయా?" అని సీఏ అడిగాడు. చురుక్కుమంది. అందరినీ అడిగే ప్రశ్నేనని ఆవిడ సర్దిచెప్పింది. నేను చెప్పిందంతా ఇంగ్లీషులో టైప్ చేసి, ఒక్కో పేరా తెలుగులో చదివి వినిపించారు. ఒకచోట "ఫిర్యాదుదారు నమ్మకం ప్రకారం" అని ఉంటే, నమ్మకం కాదండీ మస్టర్ ప్రకారం అన్నాను. మార్చారు. ప్రతి పేజీ మీదా సంతకం పెట్టి, ఒక కాపీ నా దగ్గరే ఉంచుకోమన్నారు.

ఆవిడ చెప్పినట్టే పేరు బయటపడింది. క్యాంటీన్‌లో మా బల్ల ఖాళీ అవడం మొదలైంది. ఎదురుపడి ఎవరూ ఏమీ అనరు, ప్లేటు పట్టుకుని ఇంకో బల్లకి వెళ్తారు. మా చెల్లెలి సీమంతానికి పెట్టిన సెలవు హెచ్‌ఆర్‌లో ఆగిపోయింది. అదే ఈమెయిల్‌కి మళ్లీ రాశాను, తేదీలతో సహా. ఆ వారంలోనే సెలవు చీటీ ప్లాంట్ హెడ్ సంతకంతో వచ్చింది. ఆయన ఏమీ మాట్లాడలేదు. నేనూ థాంక్స్ చెప్పలేదు, చెబితే ఏదో మేలు చేసినట్టవుతుంది.

ఫలితం సంగతి. కాంట్రాక్టర్‌ని తీసేశారు. అప్పటికి అమల్లో ఉన్న 1952 నాటి పీఎఫ్ చట్టం ప్రకారం, కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు కంపెనీయే కట్టాలి, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవచ్చు. ఆపిన బిల్లుల్లోంచి తేడా సొమ్ము వడ్డీతో కట్టారు. హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌ని రాజీనామా చేయించారు. రిలీవింగ్ లెటర్ ఇచ్చారు, ఆఖరి రోజు కేక్ కూడా కోయించారు. ఆ కేకు ముక్క నా బల్ల మీదికీ వచ్చింది, తినలేదు. నాకు విచారణ ముగిసిందని ఒక లైను రాశారు, ఏం తేలిందో రాయలేదు. మిగతాదంతా గేటు దగ్గర విన్నదే. ఇది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అంత గౌరవంగా విన్నవాళ్లు చివర్లో నాలుగు ముక్కలు చెబితే పోయేదేముంది?

కార్మికులంతా సంబరపడ్డారనుకుంటే పొరపాటు. పాత కాంట్రాక్టర్ పండక్కి ఊరెళ్లడానికి అడ్వాన్సులిచ్చేవాడు, గది అద్దెకి పూచీ ఉండేవాడు. కొత్తవాడు పీఎఫ్ రూపాయి తేడా రానివ్వలేదు గానీ అడ్వాన్స్ మాటెత్తితే కసురుకునేవాడు. వయసు మీదపడ్డ ఇద్దరు ముగ్గురిని అసలు తీసుకోలేదు. వాళ్లలో ఒకావిడ, ప్యాకింగ్‌లో చేసేది, "ఎవరమ్మా చెప్పింది, వాళ్ల నోరు పడ" అని నా కిటికీ దగ్గరే తిట్టి పోయింది. ఆవిడకి నేనని తెలుసో లేదో. ఆవిడ పీఎఫ్ క్లెయిమ్ నేనే దగ్గరుండి ఆన్‌లైన్‌లో పెట్టించాను. శ్రీకాకుళం కుర్రాడికి డబ్బు పడేసరికి తండ్రి ఆపరేషన్ అప్పు చేసి అయిపోయింది. ఆ డబ్బుతో అప్పు తీర్చానని ఫోన్ చేశాడు.

ఆ ఏడు నా రేటింగ్ మామూలుకంటే తక్కువ వచ్చింది. ఫారం నింపింది హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివే, పోకముందు. కక్ష అని నిరూపించలేను. ప్లాంట్ హెడ్‌ని కలిసి అడిగాను. ఫారం నా ముందే తెరిచి ఒక్కో గడీ చదివాడు. సహకార స్వభావం అనే గడిలో మార్కు తీసేసి కొత్తది వేశాడు. రిటర్నులు ఆలస్యమైన గడి మార్చను అన్నాడు, ఆ తేదీలు చూపించాడు. సంతకం హెడ్ ఆఫీసులో ఆగిందని నేనూ వాదించాను, ఆయన ఒప్పుకోలేదు. మొత్తం మీద రేటింగ్ మారలేదు, ఇంక్రిమెంట్‌లో కొన్ని వందలు పోయాయి. మామూలుగా అయితే వారం రోజులు కుమిలిపోయేదాన్ని. విచిత్రంగా ఆ రాత్రి నిద్ర పట్టింది.

విచారణ రిపోర్టులో కాంట్రాక్ట్ కార్మికుల గురించి ఏదో సూచన చేసినట్టున్నారు. కొన్నాళ్లకి పాలసీలో వాళ్లనీ చేర్చారు. తెలుగు, హిందీ, ఒడియాల్లో నోటీసు వేశారు. సైకిల్ స్టాండ్ దగ్గర, సీసీ కెమెరా పడనిచోట, ఒక పెట్టె పెట్టారు. పీఎఫ్ బిల్లుకి పేర్ల వారీ పేజీలు లేకపోతే అకౌంట్స్ వాళ్లు తీసుకోవడం మానేశారు, ఆ సరిపోల్చే పని నా నెత్తిన పడింది. పెట్టెలో మొదట పడిన కాగితం సాంబారు గురించి. నీళ్లలా ఉందని, రాసినవాడు పేరు, టోకెన్ నంబర్ కూడా వేశాడు. అందరం నవ్వుకున్నాం. ప్లాంట్ హెడ్ నవ్వలేదు. క్యాంటీన్ కాంట్రాక్టర్‌కి నోటీసిచ్చి, దాని నకలు నోటీస్ బోర్డులో పెట్టించాడు. సాంబారు కొంచెం చిక్కబడింది, మళ్లీ పలచబడింది, మళ్లీ కాగితం పడింది. కొంతకాలం పెట్టెలో ఇవే, సాంబారు, బాత్రూమ్ తలుపు గడియ, సైకిల్ స్టాండ్ రేకు.

తర్వాత ఒక రోజు ఒడియాలో రాసిన కాగితం వచ్చింది. చదివించడానికి ప్యాకింగ్ షాపు నుంచి మనిషిని పిలవకుండా, బయటికి పంపించి తెలుగు చేయించారు. కొత్తగా చేరేవాళ్ల దగ్గర గేట్ పాస్ కోసం సెక్యూరిటీలో ఒకతను డబ్బు తీసుకుంటున్నాడని, ఎవరెవరు ఎంతెంత ఇచ్చారో పేర్లతో సహా ఉంది. కింద సంతకాలు కూడా ఉన్నాయి. నేను ఆ కంపెనీ మానేసే నాటికి దాని విచారణ నడుస్తూనే ఉంది. సంతకాలు పెట్టినవాళ్లు మాత్రం రోజూ నా కిటికీ ముందు నుంచే లోపలికి వెళ్లేవారు. వాళ్లలో ఒక్కరి పాస్ కూడా ఆగలేదు.